పిత్తాశయం ఆపరేషన్ తరువాత నొప్పి



పిత్తాశయంలో రాళ్లున్నాయని కొల్లేటి గ్రామాల నుండి ఏలూరు వెళ్లి ఆపరేషన్ చేయించుకొనే మన తల్లులలో కొందరు ఒక సందేహం అడుగుచున్నారు. గొల్గొతాలో ప్రభువు బోళము కలిపిన ద్రాక్షారసం పుచ్చుకొనలేదు గదా (మార్కు 15:23), మనం నొప్పి తెలియకుండా సూది వేయించుకోవచ్చునా? ఆయన దానిని నిరాకరించినది మన విమోచన కార్యములో. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టిన సమరయుని మనకు మాదిరిగా చూపినదీ ఆయనే.

పైగా, నొప్పికి జడిసి గట్టిగా ఊపిరి తీయకపోతే, దగ్గకపోతే కఫం పేరుకొని న్యుమోనియా రావచ్చును.

1990లో బొంబాయిలో డాక్టర్ ఉద్వాడియా మన దేశంలో మొదటిసారి లాప్రోస్కోపీ పద్ధతిలో పిత్తాశయం తీశారు. పెద్ద కోత పోయి చిన్న రంధ్రాలు వచ్చాయి. నొప్పి తగ్గిందే గాని పూర్తిగా పోలేదు. అందుకే నరాలను కొన్ని గంటలపాటు మొద్దుబార్చే బ్లాకులు వచ్చాయి. మత్తు డాక్టరు అల్ట్రాసౌండులో చూచుకొంటూ పక్కటెముకల దిగువన, పొట్ట కండరాల పొరల మధ్య మందు ఎక్కించేది ట్యాప్ బ్లాకు. వీపు కండరం కింద ఎక్కించేది ఎరెక్టర్ స్పైనీ బ్లాకు. ఇది 2016లో వెలుగులోనికి వచ్చింది. వీపులో సూది అనగానే మనవారు బెదరుతారు. ఇది వెన్నుపాము దగ్గరకు పోయే సూది కాదు, వెన్నుపూస పక్కనే ఆగుతుంది.

ఏది మేలు? 2019లో టర్కీ వైద్యులు ఈ రెంటినీ పోల్చి చూడగా, వీపు బ్లాకు పొందినవారికి ట్రమడాల్ మందు తక్కువ అవసరమైనది. అయినను ఆ తేడా కొరకు అప్పు చేసి దూరపు ఆసుపత్రికి పోనవసరం లేదని మా అభిప్రాయం. సర్జన్ రంధ్రాల అంచులలోనే మొద్దుబార్చే మందు ఎక్కించి, వేళకు పారాసెటమాల్ ఇచ్చినను చాలామందికి ఉపశమనం కలుగుతుంది. ఇది చిన్న ఆసుపత్రిలోను సాధ్యమే.

భుజం నొప్పి మాత్రం వేరు. పొట్టలో నింపిన గ్యాసు వలన వచ్చేది. గుండె నొప్పేమోనని కంగారుపడతారు. సాధారణంగా రెండు మూడు రోజులలో పోతుంది. ఛాతీ బిగబట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే చెప్పవలెను.

రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నవారు, పంటి సూది పడనివారు ఆ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఇంటికి వచ్చాక నొప్పి రోజురోజుకు పెరిగినా, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్రలతో అణచుకొనక ఆసుపత్రికి తిరిగి వెళ్లండి.