వేరావల్ బండెక్కే ముందే నకలు ఇంట్లో ఉండాలి

పరాయి దేశంలో అరెస్టయిన మనిషికి అండగా నిలిచేది కాన్సులర్ సంబంధాలపై 1963 నాటి వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం. తన దేశపు కాన్సులేట్‌కు కబురు పంపమని కోరే హక్కు ఉందని పట్టుకున్నవాళ్లే అతడికి ఆలస్యం లేకుండా చెప్పాలి. కాన్సులర్ అధికారులు జైలుకు వెళ్లి కలవవచ్చు, లాయరును ఏర్పాటు చేయవచ్చు. తన చెరలో ఉన్న భారతీయుడు కులభూషణ్ జాదవ్ విషయంలో పాకిస్తాన్ ఈ అధికరణాన్ని ఉల్లంఘించిందని 2019 జూలై 17న అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది.

భారత్, పాకిస్తాన్‌ల మధ్య 2008లో విడిగా మరో ఒప్పందం కుదిరింది. ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. మూడు నెలల్లోగా కాన్సులర్ అధికారులను కలవనివ్వాలి. జాతీయత రుజువై, శిక్ష పూర్తయితే నెలలోగా వదిలేయాలి. రాతలో ఇంత ఉన్నా, గుజరాత్‌లోని వేరావల్ రేవు బోట్లలో కూలికి వెళ్లి 2018 నవంబరులో అరేబియా సముద్రంలో పాకిస్తాన్‌కు పట్టుబడ్డ ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది వాఘా దాటి వచ్చేసరికి 2020 జనవరి అయింది. 13 నెలలు దాటాయి. గుజరాత్, సింధ్ మధ్య ఉన్న సర్‌క్రీక్ తగాదా తెగక, అక్కడి సముద్రంలో సరిహద్దు గీత నేటికీ ఖరారు కాలేదు. బోటు మీద కూలికి వెళ్లిన కలాసీకి ఆ గీత ఎలా కనిపిస్తుంది?

రెండు దేశాల రాజకీయం పల్లెల చేతిలో లేదు. జాతీయత రుజువు మాత్రం పల్లె గడప దాకా వస్తుంది. ఖైదీ చెప్పిన పేరు, ఊరు ఢిల్లీ మీదుగా ఊరి పోలీస్ స్టేషన్‌కు చేరతాయి. అప్పుడు ఇంట్లో చూపడానికి కాగితం ఉండదు. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని మనిషితోపాటే బోటెక్కింది. బోటుతోపాటే అదీ పోయింది. బోటు నంబరు భార్యకు తెలియదు, యజమాని పేరు సగమే తెలుసు.

పడమటి తీరంలో వేట నిషేధం ముగిసి ఆగస్టులో బోట్లు కదులుతాయి. శ్రీకాకుళం, విజయనగరం తీరంలోని ప్రతి ఊళ్లో అంతకు ముందే ఈ పని జరగాలి. వెళ్లే ప్రతి మనిషి ఆధార్ నకలు, మత్స్యకార గుర్తింపు కార్డు నకలు, ఫొటో ఇంట్లో ఒక కవరులో, గ్రామ సచివాలయంలో మరో కవరులో ఉండాలి. వేరావల్ చేరిన రోజే బోటు నంబరు, యజమాని ఫోన్ నంబరు ఇంటికి చెప్పాలి. పట్టుబడ్డాక కలెక్టరేట్ మెట్లెక్కే పెద్దలు, సంఘాల నాయకులు, చదువుకున్న కుర్రాళ్లు ఈ పనికి ఒక్క సాయంత్రం ఎందుకు కూర్చోరు? జిరాక్స్ ఖర్చు కొద్ది రూపాయలే. 13 నెలలు జైల్లో గడిపినవాళ్లు ఆ ఊళ్లలోనే ఉన్నారు. ఏ కాగితం అడిగారో వాళ్లే చెబుతారు.