మతి తప్పిన చేయి



కడచిన మాసమున ఒక మధ్యాహ్నము మా యింటి అరుగుపై నలుగురము కూర్చుండి వత్తులు చేసికొనుచుంటిమి. కోరుట్లలో కాపురముండి, పుట్టింటికి వచ్చిన పొరుగింటి ఆడుబిడ్డ వార్తాపత్రిక చదివి వినిపించుచు, ఒక హత్యానేరపు విచారణ దగ్గర ఆగి, "పిచ్చి లేచిందని చెప్తే ఖూనీ మాఫ్ అయితదా అక్కా?" అని నన్నడిగెను. అప్పటికేదియో చెప్పితిని గాని ఆ సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. పిమ్మట తెలిసిన పెద్దల నడిగి, గ్రంథములు తిరుగవేసి, కొంత గ్రహించితిని. ఆ ప్రశ్నకు సమాధానము సగము న్యాయస్థానమున నున్నది. తక్కిన సగము మన యింటనే యున్నది. ఆ సంగతి చెప్పుటకే ఈ మాసపు వ్యాసము.

భారతము ఆదిపర్వమందలి కల్మాషపాదుని కథ మనమందరము విన్నదే. ఇక్ష్వాకు వంశపు రాజు, శాపవశమున రాక్షసావేశము పొంది, వసిష్ఠుని కుమారుడగు శక్తిని మొదలు తమ్ములనందరిని పొట్టబెట్టుకొనెను. ఆ తండ్రి దుఃఖము పట్టలేక కొండమీదనుండి దుమికెను, నదులలో పడెను, చావు రాలేదు. కడపట ఆ రాజే యెదురుపడి మీదికి రాగా, గర్భవతియైన కోడలు అదృశ్యంతి భయముతో మామగారి చాటున చేరెను. అప్పుడు వసిష్ఠుడేమి చేసెను? మొదట హుంకారముతో వానిని నిలిపివేసెను. పిదప మంత్రజలము చల్లి, పన్నెండేండ్లుగా పట్టియున్న ఆవేశమును వదలించెను. అతడు పుట్టుకచే రాక్షసుడు కాడని ఆయన ఎరుగును. మొదట ఆపుట, పిమ్మట బాగుచేయుట: ఈ క్రమమును మనసున నుంచుకొనుడు. నేటి చట్టమును ఇంచుమించు ఈ మార్గముననే నడచుచున్నది.

మన ధర్మశాస్త్రకారులును మతి స్థిరములేనివాని సంగతి మరువలేదు. ఉన్మత్తుడు చేసిన వ్యవహారము చెల్లదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినది. దాని మితాక్షరా వ్యాఖ్యానమును ఆధారము చేసికొని పదుమూడవ శతాబ్దమున కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయము వ్రాసెను. చేసిన పనికి కర్త యగుటకు చేయి యొక్కటి చాలదు, తెలివియు కావలెనను భావము మనకు క్రొత్త కాదన్నమాట.

నేటి చట్టమునకు మూలమైన సంగతి ఇంగ్లండులో 1843వ సంవత్సరమున జరిగినది. డానియల్ మెక్‌నాటన్ అను కొయ్యపనివాడు, రాజకీయ పక్షమువారు తన్ను వెంటాడి చంపజూచుచున్నారను భ్రాంతిలో పడి, ప్రధానమంత్రి రాబర్టు పీలు కార్యదర్శియగు ఎడ్వర్డు డ్రమ్మండును కాల్చి చంపెను. మతిభ్రమణ కారణమున న్యాయస్థానము వానిని నిర్దోషి యనగా దేశమంతయు అలజడి పుట్టెను. ప్రభువుల సభ న్యాయమూర్తుల నడిగి కొన్ని నియమములు రాబట్టినది. ఆ నియమముల ననుసరించియే 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షను ఏర్పడెను. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి రాగా అదే నియమము అందు 22వ సెక్షనుగా నిలిచినది.

దాని భావమిది: పని చేసిన క్షణమున, మతి స్థిరములేని కారణమున, తాను చేయుచున్నదేమో తెలియని స్థితిలో గాని, అది తప్పు లేదా చట్టవిరుద్ధమని తెలియని స్థితిలో గాని ఉన్నవాడు చేసినది నేరము కాదు. "ఆ క్షణమున" అనుమాటయే ఇందు ప్రాణము. నిన్న పిచ్చిగా తిరిగినాడని గాని, వైద్యుడు రోగమున్నదని కాగితము వ్రాసియిచ్చినాడని గాని చాలదు. వైద్యుని లెక్కలో రోగి యైనవాడు చట్టము లెక్కలో నేరస్థుడు కావచ్చును. కోపము వేరు, మద్యము మత్తు వేరు, ఈర్ష్య వేరు. వీనికి ఈ సెక్షను రక్షణ లేదు.

దీనిని రుజువు చేయవలసిన భారము ముద్దాయిదే. అయితే ఎంత రుజువు? 1964వ సంవత్సరమున సుప్రీంకోర్టు గుజరాతునుండి వచ్చిన ఒక అప్పీలులో దీనిని వివరించినది. నేరము మోపిన ప్రభుత్వము సందేహమునకు తావులేకుండ నిరూపింపవలెను. ముద్దాయి మాత్రము తన మతి తప్పియుండుటకే ఎక్కువ అవకాశమున్నదని, త్రాసులో ముల్లు తనవైపు మొగ్గునంత, చూపిన చాలును.

ఆ ముల్లును మొగ్గించునవి యేవి? ఇచ్చట రెండు వ్యాజ్యములు పోల్చి చూడుడు. మహారాష్ట్రలో 1994వ సంవత్సరమున ఒక పోలీసు కానిస్టేబులు పట్టపగలు తన భార్యను రుబ్బురాతితో కొట్టి చంపెను. క్రింది కోర్టును హైకోర్టును వానికి శిక్ష విధించినవి. 2002లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. కారణమేమన: వాని తండ్రికిని మానసికవ్యాధి యుండెను, వానికి స్కిజోఫ్రీనియా యని అంతకు మునుపే వైద్యులు నిర్ణయించి చికిత్స చేయుచుండిరి, సంఘటన జరిగిన తరువాత కొలది మాసములలో 25 మారులు వానిని దవాఖానకు తీసికొనిపోవలసి వచ్చెను, చంపిన పిదప పారిపోవుటకు గాని దాగుటకు గాని అతడు యత్నింపలేదు. ఈ సాక్ష్యమంతయు కూడి త్రాసును మొగ్గించినది.

2011లో ఝార్ఖండునుండి వచ్చిన మరియొక వ్యాజ్యమున ముద్దాయి పక్షమువారు వైద్యుల చీటీలు చూపిరి. కాని వాడు చంపిన పిమ్మట తప్పించుకొనజూచెను, ఆయుధమును దాచెను. దాచవలెనని తోచినవానికి అది తప్పని తెలిసినట్లే గదా! సుప్రీంకోర్టు వాని వాదము నంగీకరింపలేదు. కనుక ఇది దొంగదారి యని, ఎవరు పిచ్చి నటించినను బయటపడుదురని అనుకొనుట పొరపాటు. ఆ ద్వారము బహు ఇరుకైనది.

ఆ ద్వారమున దూరినవాడును నేరుగా ఇల్లు చేరడు. మతి తప్పిన కారణమున నిర్దోషి యని తీర్పు వ్రాయునప్పుడు, ఆ పని వాడు చేసినాడా లేదా యని న్యాయమూర్తి స్పష్టముగా వ్రాయవలెను. చేసినాడని తేలినచో వానిని తగిన రక్షణలో, అనగా సాధారణముగా మానసిక చికిత్సాలయమున, ఉంచవలెను. లేదా వానివలన తనకు గాని పరులకు గాని హాని కలుగనీయమని బంధువులు పూచీ యిచ్చినపుడే అప్పగింపవలెను. నిర్దోషి యనిపించుకొన్న మెక్‌నాటన్ ఇరువదిరెండేండ్లు ఉన్మాదుల చికిత్సాలయములలోనే గడిపి 1865లో కన్ను మూసెను.

విచారణ జరుగునాటికే మతి స్థిరములేక, జరుగుచున్నది గ్రహింపలేని స్థితిలో ముద్దాయి యున్నచో అది మరియొక సంగతి. అప్పుడు వైద్యులచే పరీక్షింపించి, విచారణ నిలిపి, చికిత్స చేయింపవలెను. 2021 జనవరి 24వ తేదీన మదనపల్లెలో విద్యావంతులైన తలిదండ్రులే ఎదిగిన కుమార్తెలనిద్దరిని చంపినారని పోలీసులు నేరము మోపిన సంగతి మీకు జ్ఞప్తి యుండును. చచ్చినవారు మరల లేచి వత్తురని వారు నమ్మిరట. రిమాండులో నుండగా వైద్యుల సలహాపై వారిని విశాఖపట్టణపు ప్రభుత్వ మానసిక చికిత్సాలయమునకు పంపిరి. అట్లు పంపుట నిర్దోషులనుట కాదు, దోషులనుటయు కాదు. నేరము చేసిన క్షణమున మతి యెట్లుండెనో తేల్చవలసినది విచారణయే.

ఇచ్చట మనము జాగ్రత్తగా వేరుచేయవలసిన దొకటి కలదు. 2022 జనవరిలో మన జగిత్యాల పట్టణమందే, చేతబడి చేయుచున్నారను అనుమానముతో ఒక తండ్రిని, ఆయన కుమారులనిద్దరిని చంపిరి. నలుగురు కూడి నమ్మిన మూఢవిశ్వాసము మతిభ్రమణము కాదు. అట్టివారికి తాము చంపుచున్నామని తెలియును. చట్టము ఒప్పదనియు తెలియును. రోగి భ్రాంతి వాని యొక్కని తల లోపల పుట్టినది, తర్కమునకు లొంగనిది. మూఢవిశ్వాసము ఊరివారు నేర్పినది. మొదటిదానికి మందు, రెండవదానికి శిక్షయు విద్యయు కావలెను.

ఇక మన యింటి సగమునకు వత్తము. పై కానిస్టేబులు వ్యాజ్యమున త్రాసును మొగ్గించిన సాక్ష్యము ఎచ్చటిది? మునుపటి చికిత్స కాగితములు, కుటుంబ చరిత్ర. ఇవి ఇంటివారు దాచక చెప్పినపుడే న్యాయమూర్తి చేతికి అందును. మనమో, కొడుకు రాత్రులు నిద్రలేక గోడతో మాటలాడుచున్నను, సంబంధములు చెడునని గుట్టుగా నుంతుము. సిరిసిల్ల మరమగ్గముల మ్రోతలో అప్పులు లెక్కించుకొనుచు మాట మానిన మగవానిని చూచి మౌనవ్రతమందుము. గల్ఫునుండి తిరిగివచ్చి ఎవరో విషము పెట్టుచున్నారని అన్నము త్రోసివేయువానిని గాలి సోకినదందుము. రోగము దాచినచో చికిత్స లేదు. చికిత్స లేనిచోట ఒకనాడు ఘోరము జరిగెనా, అప్పుడు చూపుటకు సాక్ష్యమును లేదు. దాచిన రోగము ఇట్లు ఇంటిని రెండుమారులు ముంచును.

స్త్రీలకు మరింత దగ్గరి సంగతి చెప్పెదను. వేయి ప్రసవములలో ఒకరిద్దరికి, ప్రసవించిన మొదటి రెండు మూడు వారములలోనే ఉన్మాదము కలుగును. నిద్ర పట్టదు, బిడ్డ తనది కాదను శంక, ఎవరో చెవిలో చెప్పుచున్నట్లు మాటలు. ఈ స్థితిలో తల్లి చేతులకే బిడ్డ బలి యగు ప్రమాదము కలదు. ఇంగ్లండులో ఏడాది లోపలి బిడ్డను చంపిన తల్లి మతి ప్రసవకారణమున చెదరియున్నచో, హత్యకంటె తక్కువ నేరముగా నెంచు చట్టము 1938లో వచ్చినది. మన దేశమున అట్టి ప్రత్యేకచట్టము లేదు. ఆ ఇరుకు ద్వారమొక్కటే గతి.

నేను చిన్ననాట సిరిసిల్లలో నుండగా ఒక నేతకాని యింట బాలింత ఐదు రాత్రులు కన్ను మూయక బిడ్డను దూరముగా త్రోయుచుండెను. అత్త దిష్టి యనెను. మేనత్త యొకతె మాత్రము, "దిష్టి తీసుడు తీస్తనే ఉండు వదినె, నేను దవాఖానకు తోల్కపోత" అని బండి కట్టించెను. కొన్ని వారములలో ఆమె తేరుకొనెను. ఆ బిడ్డ నేడు ఇద్దరు పిల్లల తల్లి. బండి కట్టింపనిచో ఆ యింటి కథ న్యాయస్థానమున ముగిసెడిదేమో!

మన ప్రాంతమున మతి చెడినవారిని కొండగట్టు అంజన్న సన్నిధిలో కొన్నాళ్లుంచుట వాడుక. స్వామి సేవ మనసునకు ఊరట. దానిని నేను కాదనను. ఐనను చరకసంహిత నిదానస్థానమందును చికిత్సాస్థానమందును ఉన్మాదమునకు ప్రత్యేకాధ్యాయములున్నవి. పూర్వులే వైద్యము వలదనలేదు. ప్రదక్షిణము ప్రదక్షిణమే, మందు మందే. గొలుసుతో కట్టుట మాత్రము కూడదు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము దానిని నిషేధించినది. ప్రభుత్వ దవాఖానలలో మానసిక చికిత్స పొందు హక్కును ఆ చట్టమే ఇచ్చినది. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలో ప్రత్యేక చికిత్సాలయము కలదు. 2022 అక్టోబరు నుండి 14416 అను టెలిఫోను సంఖ్యకు రేయింబవళ్లు ఉచితముగా మాటలాడవచ్చును, తెలుగున చెప్పుకొనవచ్చును. చికిత్స చీటీలను పెండ్లిపత్రికలవలె భద్రపరచుడు. మందు తగ్గింపవలెనన్న వైద్యుని మాటపైననే తగ్గింపుడు.

ఇంకొక మాట. మనోవ్యాధిగ్రస్తులలో మిక్కిలి యెక్కువమంది ఎవరికిని హాని చేయనివారు. తామే పరులచే బాధలు పడువారు. హత్యల వార్తలు చదివి వారినందరిని చూచి భయపడుట అన్యాయము.

మా పొరుగింటి ఆడుబిడ్డ కోరుట్లకు తిరిగిపోవునపుడు ఆమె ప్రశ్నకు సమాధానము చెప్పితిని: "మాఫ్ కాదు చెల్లె. చేసినవానికి తెలివి ఉండెనా లేదా అని తూచి చూస్తరు. లేకుంటే ఉరి తియ్యరు, ఊరిమీద వదలరు." ఆమె కొంతసేపు మాటలాడక, తన యింట మరిది నిద్రపోక చాల దినములైనదని మెల్లగా చెప్పెను. ఇంటి గుట్టు లంకకు చేటని మన పెద్దలనిరి. ఈ యొక్క విషయమున మాత్రము దాచిన గుట్టే ఇంటికి చేటు. ఆమె ఆ వారమే మరిదిని దవాఖానకు తీసికొనిపోవుదునని మాట యిచ్చినది.