మా గోదారి మీ ఫొటోకి బ్యాక్‌గ్రౌండ్ కాదండీ

"రాజమండ్రిలో చూడ్డానికేముంది బాసూ? హాఫ్ డే చాలదా?"

లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు, ఆఫీసులో ఎవరో ఒకరు ఈ ప్రశ్నతో నా సీటు దగ్గరికి వస్తారు. నిజానికి అది ప్రశ్న కాదు. వాళ్ళ చేతిలో అప్పటికే ఎక్సెల్ షీట్ రెడీగా ఉంటుంది. శుక్రవారం రాత్రి ట్రైను, శనివారం పాపికొండలు, రాత్రికి కోనసీమలో రిసార్టు, ఆదివారం పొద్దున్న పూతరేకులు, సాయంత్రం బ్యారేజీ మీద సెల్ఫీ, రాత్రికి మళ్ళీ ట్రైను. సోమవారం స్టాండప్ మీటింగులో "సూపర్ బాసూ, అచ్చం కేరళే!" అని ఒక సర్టిఫికెట్.

ఆ "అచ్చం కేరళే" అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. కేరళ మీద నాకేం కోపం లేదు. మన ఊరు బాగుందని చెప్పడానికి కూడా పక్క రాష్ట్రం పేరు అరువు తెచ్చుకోవాలా అని మాత్రం అడుగుతాను. అంతకన్నా పెద్ద గొడవ ఇంకోటుంది. ఆ మాట అన్నవాళ్ళు కొబ్బరిచెట్లు చూశారు, కాలువ చూశారు, పచ్చదనం చూశారు. అది ఎలా వచ్చిందో చూడలేదు. "నేచర్ అండీ" అనేసి ఊరుకున్నారు. నేచర్ కాదండీ బాబూ. అది ఇంజనీరింగు!

అసలు విషయానికొస్తాను. 1830లలో ఇదే గోదావరి జిల్లా కరువుతో ఎండిపోయింది. 1833 నాటి డొక్కల కరువు జనాన్ని ఊళ్ళకి ఊళ్ళే మింగేసింది. 1839లో కోరంగి దగ్గర ఉప్పెన మిగిలినవాళ్ళ మీద పడింది. నది మాత్రం అప్పుడూ నిండుగానే ఉండేది, పొలం పక్కనుంచే పోయి సముద్రంలో కలిసేది. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852కి పూర్తయింది. నది రెండు పాయలుగా చీలే చోటికి కాస్త ఎగువన, మధ్యలో ఉన్న లంకలని కూడా కలుపుకుంటూ, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. నీటిమట్టాన్ని కాస్త పైకెత్తి, మూడు వైపులా కాలువల్లోకి తిప్పారు. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా. మోటార్లు లేవు, పంపులు లేవు. నేల వాలు చూసుకుని, నీరు తనంతట తనే పల్లానికి పోయేలా కాలువలు తవ్వారు. ఇవాళ్టికీ సుమారు పది లక్షల ఎకరాలు ఆ వాలు మీదే పండుతున్నాయి. పాత ఆనకట్ట బదులు ఇప్పుడున్న బ్యారేజీ 1970లలో మొదలై 1982కి పూర్తయింది గానీ, డిజైన్ అదే, లాజిక్ అదే.

మనం రాసిన కోడు మూడేళ్ళు బతికితే "లెగసీ సిస్టమ్" అని ముక్కు మూసుకుంటాం. నూట డెబ్భై ఏళ్ళు దాటినా ప్రొడక్షన్‌లో ఉన్న సిస్టమ్ ఇది! ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. ఆనకట్ట నమూనాలు, అప్పటి యంత్రాలు అక్కడున్నాయి. ఇంజనీరింగు డిగ్రీలు ఉన్నవాళ్ళు బ్యారేజీ మీద కారాపి, మ్యూజియం వైపు వీపు పెట్టి, నీళ్ళ వైపు మూతి ముడిచి ఫొటో దిగి వెళ్ళిపోతారు. కాటన్ పక్కన పనిచేసిన వీణెం వీరన్న పేరు విన్నవాళ్ళు ఎంతమంది? దొరకి ఊరూరా గుర్రం మీద విగ్రహం ఉంది కాబట్టి ఆ పేరైనా తెలుసు. మనవాడికి అదీ లేదు.

ఇక పాపికొండలు. ఇక్కడ కాస్త కోపంగానే రాస్తాను, ఏమనుకోకండి.

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. గోదావరి వరద మీదుంది. లక్షల క్యూసెక్కుల నీరు పోతోంది. ఆ వరదలో రాయల్ వశిష్ఠ అనే బోటు డెబ్భై మందికి పైగా జనంతో పాపికొండల వైపు బయల్దేరి, కచ్చులూరు దగ్గర సుడిలో బోల్తా పడింది. పదుల సంఖ్యలో జనం పోయారు. బోటుని పైకి తీయడానికి ఐదు వారాలు పట్టింది. తీసింది కూడా కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం. తాళ్ళు, లంగర్లు, నీళ్ళ గురించి తెలిసిన మనుషులు. అంతే.

మనవాళ్ళు చాలామంది ఆన్‌సైట్‌కి స్టాక్‌హోమ్ వెళ్తారు. అక్కడ వాసా మ్యూజియం చూడకుండా ఎవరూ రారు. వాసా అంటే 1628 ఆగస్టు 10న మొదటి ప్రయాణంలోనే, రేవు దాటకుండానే మునిగిపోయిన యుద్ధనౌక. ముప్ఫై మంది దాకా పోయారు. బయల్దేరే ముందు స్థిరత్వం పరీక్ష చేశారు. ముప్ఫైమంది మనుషుల్ని డెక్కు మీద ఇటునుంచి అటు పరిగెత్తిస్తే ఓడ ఊగిపోయింది. మునిగిపోతుందేమోనని భయపడి పరీక్ష ఆపేశారు గానీ, ప్రయాణం ఆపలేదు. టెస్ట్ ఫెయిల్, రిలీజ్ పాస్! 1961లో ఆ ఓడని పైకి తీశారు. 1990లో దానికోసమే మ్యూజియం తెరిచారు. స్వీడన్ వాళ్ళు తమ తప్పుని నగరం నడిబొడ్డున అద్దాల లైట్ల కింద పెట్టి, టికెట్టు పెట్టి మరీ చూపిస్తున్నారు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ క్లాసుల్లో మనకి దాన్నే కేస్ స్టడీగా చెప్తారు. మనం తలలూపి నోట్సు రాసుకుంటాం.

మరి కచ్చులూరు? దాన్ని ఏ క్లాసులో చెప్తున్నారు? ప్రమాదం తర్వాత కంట్రోల్ రూములు వచ్చాయి, వరద రోజుల్లో బోట్లు ఆపేస్తున్నారు. మంచిదే. కానీ బోటు ఆపిన రోజున రేవులో జరిగే గొడవ ఒకసారి వినండి. "ఇంత దూరం నుంచి వచ్చాం, రిసార్టుకి అడ్వాన్స్ కట్టాం, రిఫండ్ ఎవరిస్తారు, ఓ గంట తిప్పి తీసుకురావయ్యా, ఎక్స్‌ట్రా ఇస్తాం." ఇలా అడిగేది ఎవరు? మనమే. ఆఫీసులో సర్వర్ డౌన్ అయితే "మెయింటెనెన్స్ విండో" అని యూజర్లకి ఓపిగ్గా మెయిల్ పెట్టేవాళ్ళం, నది మెయింటెనెన్స్ విండోలో ఉందంటే ఒప్పుకోం. వరద గోదారిలో సుడి ఎక్కడుంటుందో సరంగుకి తెలుసు. ఆయన వద్దంటే వద్దు. బేరం చెయ్యడానికి అది బేగంబజార్ కాదు.

పైగా మీరు చూసి "వావ్" అనే ఆ కొండల మధ్య ఊళ్ళున్నాయి. పోలవరం నీరు నిలిస్తే పోయే ఊళ్ళు అవి. దేవీపట్నం మండలంలో వరదొచ్చిన ప్రతిసారీ ముందు మునిగేది వాళ్ళ ఇళ్ళే. గండి పోచమ్మ గుడి మునిగిందని టీవీలో చూపిస్తారు, ఆ గుడి పక్కనున్న మనుషుల సంగతి ఎవరూ అడగరు. బోటులో డీజే పెట్టించుకుని డాన్సు చేస్తూ వెళ్తుంటే, ఒడ్డున సామాను మూటలు కట్టుకుంటున్న మనిషికి ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి.

కోనసీమ సంగతీ అంతే. కొబ్బరిచెట్ల కింద ఊయల మంచం ఫొటో అందరూ పెడతారు. ఆ చెట్ల కిందే గ్యాస్ పైపులైన్లున్నాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో మంటలు లేస్తే ఆరడానికి రెండు నెలలు పైన పట్టింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా పోయారు. ఇక్కడ నగరం అంటే సిటీ కాదండోయ్, మామిడికుదురు పక్కనున్న ఊరి పేరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల వాళ్ళు వారాల తరబడి పడవల మీద తిరిగారు. అదే వారం బ్యారేజీ మీద సెల్ఫీలకి జనం ఎగబడితే పోలీసులు తోలాల్సొచ్చింది. ఇవన్నీ చెప్పి మీ వీకెండు పాడుచేద్దామని కాదు. ఆ పచ్చదనం కింద బతుకుతున్నవాళ్ళకి దానికో ధర ఉందని తెలిసి చూడమంటున్నాను, అంతే.

సరే, "ఏముంది చూడ్డానికి" అన్నదానికి జవాబు చెప్తాను.

రాజమండ్రి ఒకప్పుడు రాజధాని. ఉత్తినే పొగడ్తకి అంటున్న మాట కాదు. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు ఇక్కణ్ణుంచే వేంగిని ఏలాడు. నన్నయ భారతం తెలుగు చెయ్యడం మొదలుపెట్టింది ఆయన కొలువులోనే. అంటే ఇవాళ మీరూ నేనూ తెలుగులో టైపు చేస్తున్నామంటే, దానికి పునాది రాయి పడ్డ ఊళ్ళలో ఇదొకటి. 1848లో పుట్టిన కందుకూరి వీరేశలింగం ఇల్లు ఇక్కడే ఉంది. 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం చేయించింది ఈ ఊళ్ళోనే. ఊరు ఊరంతా ఎదురు తిరిగితే నిలబడ్డ మనిషాయన. ఆయన కట్టించిన టౌన్‌హాలు ఉంది. 1898 నాటి గౌతమీ గ్రంథాలయం ఉంది, తాటాకు ప్రతులతో సహా. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి మాట్లాడితే, వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నందుకు కుర్రాళ్ళ చదువులు పోయిన ఊరిది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వాళ్ళలో ఒకరు.

దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1897లో పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆ కుర్రాడి చెయ్యి చూసి బొంబాయి జేజే స్కూలుకి పంపించాడు. తిరిగొచ్చి రాజమండ్రిలోనే బొమ్మలు వేశాడు, పదిమందికి నేర్పాడు. 1925లో మశూచి వచ్చి పోయాడు. అప్పటికి వయసు 27. మన టీముల్లో సగం మంది వయసది. ఆ వయసుకి మనం ప్రమోషన్ రాలేదని ఏడుస్తుంటాం, ఆయన ఒక చిత్రకళా సంప్రదాయానికి పేరు పెట్టించి వెళ్ళిపోయాడు. ఆ బొమ్మలు చూడ్డానికి ఒక గంట చాలు. ఆ గంట మీ ఎక్సెల్ షీట్‌లో లేదు.

ఇక్కడ మా వాళ్ళని కూడా వదలను. "మ్యూజియమా? స్కూల్లో ఉన్నప్పుడు తీసుకెళ్ళారనుకుంటాను" అనే రాజమండ్రి వాళ్ళు బోలెడు మంది. చుట్టాలొస్తే రోజ్‌మిల్క్ తాగించి, పుష్కరఘాట్ చూపించి, పులస దొరికితే వండి పెట్టి పంపిస్తారు. పుస్తెలమ్మైనా పులస తినాలంటూ సామెతలు చెప్పే నోటితో ఒక్కసారి కూడా దామెర్ల పేరెత్తరు. "అక్కడ ఏం ఉండదండీ, జనం రారు" అంటారు. జనం రారు కాబట్టి పట్టించుకోరు, పట్టించుకోరు కాబట్టి జనం రారు. మన భాషలో డెడ్‌లాక్ అంటాం. ఎవరో ఒకరు ముందు కదిలితేనే అది తెగుతుంది.

"టూరిస్టులొస్తే ఊరికి నాలుగు డబ్బులొస్తాయిగా, నీకేంటి నొప్పి?" అని అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. రమ్మనే చెప్తున్నాను. ప్యాకేజీలో వస్తే మీ డబ్బు బుకింగ్ చేసినవాడికీ, రిసార్టుకీ పోతుంది. ఇంకో రోజు ఉండి చూడండి. ఆటో అతనికీ, మెస్సు నడిపే ఆవిడకీ, కోటిపల్లి రేవులో పంటు మీద వేరుశెనక్కాయలు అమ్ముకునేవాడికీ వస్తుంది. ఆత్రేయపురం వెళ్తే ప్యాక్ చేసిన పెట్టె కొనుక్కుని తిరగొద్దు. బోర్లించిన కుండ మీద పలచటి పిండినీళ్ళలో ముంచిన గుడ్డ ఒక్క లాగు లాగి రేకు తీసే ఆవిడ దగ్గర పది నిమిషాలు నిలబడండి. 2023లో పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పెట్టెకి కాదు, పొయ్యి సెగ దగ్గర కూర్చున్న ఆ చేతికి వచ్చింది.

చివరిగా ఒక్క మాట, ఇది సర్కారు వారికి. 2025 జూన్‌లో "అఖండ గోదావరి" పేరుతో దాదాపు 94 కోట్ల ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు. అందులో హేవ్‌లాక్ వంతెన కూడా ఉంది. 1900లో తెరిచి, 1997 దాకా రైళ్ళు మోసిన వంతెన. 56 స్పానులు. దాన్ని రంగు లైట్ల సెల్ఫీ పాయింటుగా మార్చడం చాలా తేలిక. దాని మీద నడుస్తూ ఈ నది కథ, ఆనకట్ట కథ, వరదల కథ, మునిగిన బోటు కథ కూడా చదువుకునేలా చెయ్యడం కష్టం. కష్టమైనదే చెయ్యండి. 2027లో పుష్కరాలున్నాయి. 2015 జూలై 14న మొదటి రోజే పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాటలో ఇరవై ఏడు మందికి పైగా పోయారు. నది పొడవునా ఘాట్లున్నాయి. నీళ్ళు అన్నిచోట్లా ఒకటే. కానీ అందరి మనసులో "చూడాల్సింది" ఆ ఒక్క ఘాటే. లిస్టులో ఉన్న ఒక్కచోటికే జనమంతా పరిగెత్తితే ఏమవుతుందో ఆ ఉదయం చూశాం. అందుకే ఈ లిస్టుల మీద నాకింత కోపం.

కాబట్టి ఈసారి "హాఫ్ డే చాలదా" అని అడగొద్దు. మూడు రోజులు సెలవు పెట్టుకుని రండి. వరద ఉంటే బోటు అడక్కండి. ఒక పూట ధవళేశ్వరంలో, ఒక పూట దామెర్ల బొమ్మల ముందు, ఒక పూట కాలువ గట్టు మీద ఊరికే గడపండి. అప్పుడు కూడా "అచ్చం కేరళే" అనిపిస్తే, ఆయ్, నాకు చెప్పండి. రిటర్న్ టికెట్టు నేనే తీసిస్తాను :-)

తిట్టదల్చుకున్నవాళ్ళకి కామెంట్ల పెట్టె తెరిచే ఉంది. గోదారోళ్ళయితే కాస్త ఎటకారం తగ్గించి తిట్టండి.