బిల్లు చెల్లింపు కూడా కొనుగోలులో భాగమే

ప్రభుత్వ కొనుగోళ్లలో ఎక్కడ మోసపోతామన్న చర్చ వస్తే అందరి చూపూ టెండరు తెరిచే రోజు మీదికే పోతుంది. కాంట్రాక్టర్లు రింగయ్యారా, ఒకరికే సరిపోయేలా నిబంధనలు రాశారా అని ఆరా తీస్తాం. ఆ అనుమానాల్లో నిజం లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్‌ తెచ్చింది అందుకే. నవ్యాంధ్రలో 2019లో రివర్స్ టెండరింగ్ వచ్చింది, 2024లో పోయింది. ఈ హడావుడి అంతా ధర తేలే ఘట్టం చుట్టూనే. అసలు నష్టం దానికి ముందూ, ఆ తర్వాతా జరుగుతుంది.

మందుల సంగతే చూడండి. ఏ ఆస్పత్రిలో ఏ మందు ఎంత వాడారో చూడకుండా, నిరుటి ఇండెంటుకే కాస్త కలిపి పంపితే ఒకచోట మాత్రలు గడువు దాటిపోతాయి, మరోచోట రోగి చేతికి బయట కొనుక్కోమని చీటీ వస్తుంది. నిల్వ అయిపోయాక అత్యవసరం పేరిట స్థానికంగా కొంటారు. అప్పుడు పోటీ నామమాత్రం, నాణ్యత పరీక్షకు వ్యవధి ఉండదు. అంచనాలో చేసిన అశ్రద్ధే అవినీతికి అవకాశమిస్తుంది.

1994లో ఏర్పడిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ ఈ చిక్కును మొదటి నుంచీ విప్పుకుంటూ వచ్చింది. మందులను జెనరిక్ పేర్లతో, తయారీదార్ల నుంచే, రాష్ట్రమంతటికీ కలిపి కొన్నది. జిల్లా గిడ్డంగులు పెట్టింది. ప్రతి ఆస్పత్రికీ పాస్‌బుక్ ఇచ్చి, కేటాయించిన మొత్తం మేరకు కావలసిన మందులు తీసుకోనిచ్చింది. నమూనాలను కంపెనీ పేరు కనబడకుండా ల్యాబులకు పంపింది. ఇందులో కావలసిందల్లా లెక్కల్లో క్రమశిక్షణే. 2011లో రాజస్థాన్ కూడా ఇలాంటి సంస్థనే పెట్టుకుంది.

చెల్లింపుల దగ్గర మాత్రం ప్రమాదాన్ని ప్రభుత్వమే తయారుచేస్తోంది. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని సరఫరాదారు ఆలస్యానికి పడే వడ్డీని ముందే ధరలో కలుపుతాడు. అప్పు భారం మోయలేని చిన్న సంస్థ టెండరుకే రాదు. చివరికి మిగిలేది బిల్లు బయటకు తెప్పించుకునే పలుకుబడి ఉన్నవాళ్లూ, అంచనా విలువ కంటే బాగా తక్కువకు (భారీ లెస్‌కు) కోట్ చేసి ఆ తేడాను నాణ్యతలో రాబట్టుకునేవాళ్లూ. ఫైలులో మాత్రం అది ఖజానాకు మిగులు! బకాయిల కోసం కాంట్రాక్టర్లు హైకోర్టు మెట్లెక్కడం రెండు తెలుగు రాష్ట్రాలకూ కొత్త కాదు.

చట్టం లేదా అంటే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు సరుకు అంగీకరించాక 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. కొన్నది ప్రభుత్వ శాఖ అయినా మినహాయింపు లేదు. కానీ మళ్లీ ఆర్డరు కావాలనుకునే చిన్న వ్యాపారి వడ్డీ అడుగుతాడా?

అధికారి లెక్క కూడా అర్థంకానిది కాదు. అతి తక్కువ ధర కోట్ చేసిన ఎల్-1ను కాదంటే విజిలెన్స్ ప్రశ్నిస్తుంది, ఆడిట్ అభ్యంతరం రాస్తుంది. బిల్లు ఏడాదిపాటు ఆపితే అడిగే నాథుడు లేడు. ఖజానాలో డబ్బు లేదన్నది సమాధానం కాదు. లేనప్పుడు టెండరు పిలవకూడదు. కొనుగోలుకు కావలసిన మొత్తాన్ని ముందే విడిగా ఉంచాలి. టెండర్లు పెట్టే పోర్టల్‌లోనే బిల్లు అందిన తేదీ, డబ్బు ఇచ్చిన తేదీ పక్కపక్కనే ప్రకటించాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఈ పని కనీసం మందుల బిల్లులతోనైనా మొదలుపెట్టాలి.