ఫీజు తగ్గింది, తలుపు తెరుచుకుందా?

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం 2025 మార్చిలో ఒక ప్రకటన చేసింది. ఏటా 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం, సాధారణ ఆస్తులు గల కుటుంబాల పిల్లలకు డిగ్రీలో ట్యూషన్ ఫీజు ఉండదు. లక్ష డాలర్ల లోపు వారికి భోజనం, వసతి, ఆరోగ్య బీమా కూడా ఉచితం. 2025-26 నుంచి ఇది అమలులోకి వచ్చింది. ఆ ఏడాది అక్కడి మొత్తం ఖర్చు సుమారు 87 వేల డాలర్లు. 2004లో ఇలాంటి పథకం మొదలైనప్పుడు పరిమితి 40 వేల డాలర్లే.

సంతోషించదగిన మాటే. అయితే మేము అడిగే ప్రశ్న వేరు. ఫీజు మాఫీ లోపలికి వెళ్లిన వారికి. మరి లోపలికి వెళ్తున్నది ఎవరు?

2024లో అక్కడ చేరడానికి 54,008 మంది దరఖాస్తు చేస్తే 1,937 మందికి సీటు దక్కింది. అంటే నూటికి నలుగురు కూడా కాదు. హార్వర్డ్ సహా పన్నెండు పేరుమోసిన విశ్వవిద్యాలయాలపై 2023లో ఆర్థికవేత్త రాజ్ చెట్టీ బృందం ఒక అధ్యయనం వెలువరించింది. పరీక్షలో ఒకే మార్కులు వచ్చినా, మధ్యతరగతి పిల్లలకన్నా అత్యంత సంపన్నులైన ఒక్క శాతం కుటుంబాల పిల్లలు వాటిలో చేరే అవకాశం రెట్టింపుకు మించి ఉందని తేల్చింది. తల్లిదండ్రులు అక్కడే చదివి ఉండటం, క్రీడల కోటా, ఖరీదైన పాఠశాలల సిఫారసు లేఖలు ఇందుకు ముఖ్య కారణాలు. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాలలో జాతిని లెక్కలోకి తీసుకోరాదన్నది గాని, ఈ వారసత్వపు ప్రాధాన్యాన్ని ముట్టలేదు.

మన తల్లిదండ్రులు గమనించవలసినది మరొకటి ఉంది. విదేశీ విద్యార్థులకు సైతం హార్వర్డ్ డిగ్రీలో ఇదే సహాయం వర్తిస్తుంది. చెల్లించే స్తోమత చూసి సీటు నిరాకరించరు. కాని మన యువకులలో అధికులు వెళ్లేది ఎం.ఎస్. చదువుకు. ఈ హామీ దానికి లేదు. పేపర్లో "ఉచితం" అన్న మాట చూసి పొలం అమ్మినా, అప్పు చేసినా నష్టపోయేది మనమే.

కనుక డిగ్రీకే పంపదలచిన వారు పిల్లవాడు తొమ్మిదో తరగతిలో ఉండగానే ఆలోచించాలి. హార్వర్డ్ శాట్ వంటి పరీక్షను 2025లో చేరేవారి నుంచి మళ్లీ తప్పనిసరి చేసింది. ఫీజు పట్టిక చూసి బెదరనక్కరలేదు, ప్రకటన చూసి మురిసిపోనూ కూడదు. సహాయం పోగా మనం కట్టేదెంత, సీటు వచ్చే అవకాశమెంత? ఈ రెండు లెక్కలూ తేలాకే అడుగు వేయాలి.