మన్నును చదివిన మనుష్యుడు

మన్నును గూర్చి వ్రాయ బూనితిమని వినగానే మా మిత్రుడొకడు నవ్వి, "సంచికకు వేరు విషయము దొరకలేదా?" అనెను. దొరకక కాదు. గత సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలురను తమతమ పొలములనుండి పిడికెడేసి మన్ను తెమ్మంటిమి. సగముమందియైనను తేలేదు. తెచ్చినవారిలో నొకడు పొట్లమును చొక్కాలో దాచుకొని వచ్చి, తోడివారు చూడకుండ బల్లపై నుంచి వెడలిపోయెను. మరునాడు వేరొక బాలుని తండ్రి వచ్చి, "అయ్యా, మన్ను పిసుకుట మాతోనే పోవలెనని గదా వీనిని మీ బడికి పంపినాము, మరల మన్నే తెమ్మందురేమి?" అని యడిగెను. ఆయన మాటలో కోపముకన్న దుఃఖమే యెక్కువగా నుండెను. అప్పుడు మాకు తగిన ప్రత్యుత్తరము తోచలేదు. ఇప్పుడు చెప్పుటకు యత్నించుచున్నాము.

రష్యా దేశమున స్మోలెన్‌స్క్ మండలములోని మిల్యూకొవో యను పల్లెలో 1846వ సంవత్సరమున వసీలీ దొకుచాయెవ్ జన్మించెను. తండ్రి ఆ పల్లెసంఘమునకు గురువు. కుమారుడును ఆ వృత్తికే యుద్దేశింపబడి వేదపాఠశాలలో చదివి, పైచదువునకై సెయింట్ పీటర్స్‌బర్గునకు పోయెను. గాని కొలదికాలములోనే వేదాంత విద్యాలయమును వీడి, విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రముల నభ్యసించి 1871లో పట్టభద్రుడాయెను. మిషను పాఠశాలలో పనిచేయు మేము ఇందునకు చింతింపవలసినదే కాబోలు. అయినను చింత కలుగుట లేదు.

ఆ దేశపు దక్షిణ మైదానములలో "చెర్నోజెమ్" అను నేల కలదు. నల్లనినేల యని ఆ మాటకర్థము. గోధుమపంటకు అది పుట్టినిల్లు. అంత సారవంతమగు నేల యెట్లు పుట్టెనో యెవరికిని నిశ్చయముగా తెలియదు. సముద్రము విడిచిపోయిన బురదయని కొందరును, ఎండిన చిత్తడినేలయని కొందరును వాదించుచుండిరి. 1877లో స్వేచ్ఛార్థిక సమాజమువారు ఈ సంగతిని పరిశోధింపుమని దొకుచాయెవ్‌ను నియోగించిరి. ఆయన గదిలో కూర్చుండి వాదింపలేదు. సుమారు 10,000 కిలోమీటర్లు తిరిగి, చోటుచోట గోతులు త్రవ్వించి, గోడలలో కనబడు పొరలను పైనుండి క్రిందివరకు కొలిచి వ్రాసికొనెను. 1883లో ప్రకటించిన "రష్యా నల్లనేల" యను గ్రంథము ఆ గోతులనుండి పుట్టినదే.

ఆయన కనుగొన్నదేమన, నేల యనగా పొడియైన రాయి మాత్రము కాదు. క్రిందనున్న రాయి, ఎండవానలు, చెట్టుచేమలు పురుగుపుట్రలు, నేలయొక్క మిట్టపల్లములు, గడచిన కాలము - ఈ యయిదును కలిసి పనిచేయగా నేల పుట్టుచున్నది. మైదానములందలి గడ్డివేళ్లు వేలకొలది సంవత్సరములు చచ్చి జీర్ణించుటచేతనే చెర్నోజెమ్ నల్లబడినది. రాయి యొకటే యైనను, వాతావరణమును గడ్డియు మారినచో నేలయు మారును. ఇప్పుడిది మామూలు సంగతివలె కనబడును; నాడు నేలను రసాయనశాలలో తూచదగిన పొడిగా నెంచువారే యెక్కువ.

1891లో ఆ నల్లనేలసీమలోనే అనావృష్టి కలిగి ఘోరమైన కరవు వచ్చెను. మిక్కిలి సారముగల నేలపై జనులు ఆకలిచే చచ్చిరి! దొకుచాయెవ్ మరుసటి యేడే "మన మైదానములు - నాడును నేడును" అను పుస్తకమును వ్రాసి, దానిపై వచ్చిన సొమ్మును కరవుబాధితుల కిచ్చెను. అడవులు నరకుటచేతను, గడ్డిబీళ్లన్నియు దున్నుటచేతను నీరు నిలువక పారిపోవుచున్నదనియు, వాగుల కోతను ఆపి, చెరువులు త్రవ్వి, పొలములచుట్టు చెట్లవరుసలు నాటవలెననియు చెప్పెను. చెప్పి యూరకుండక, ఆ 1892లోనే వొరోనెజ్ మండలమందలి కామెన్నాయా మైదానమున పని ప్రారంభించెను. ఆ చెట్లవరుసలు నేటికిని కలవు. ఆయన మాత్రము భార్యావియోగముచేతను దీర్ఘవ్యాధిచేతను క్రుంగి 1903లో మరణించెను.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్నకు వత్తుము. చెర్నోజెమ్, పోడ్జోల్ అనునవి పండితులు కల్పించిన పేరులు కావు. రష్యా రైతుల నోటిమాటలు. దొకుచాయెవ్ వానినే గ్రహించి శాస్త్రమున నుంచెను. మన రేగడి మాటయు నిట్లే "రెగర్" అను రూపమున ఇంగ్లీషు గ్రంథములలో చేరినది. ఏ తెలుగు రైతు మాటయో భూగోళపుస్తకమున నచ్చు పడియుండగా, ఆ రైతు కుమారుడు దానిని పరీక్షకు వల్లించి, ఆ మన్నునే చొక్కాలో దాచుకొనుచున్నాడు! ఇది మాకు మిక్కిలి కష్టముగా నున్నది. రేగడి, చెలక, దుబ్బ, గరువు, చౌడు, ఒండ్రు - ఈ భేదములు ఆ బాలుని తండ్రికి కాలితో త్రొక్కినంతనే తెలియును. మాకు తెలియవు. ఉపాధ్యాయ శిక్షణకళాశాలలో మాకెవరును చెప్పలేదు.

మఱియు ఒక వింత. రేగడియు చెర్నోజెమును చూపునకొకటే నలుపు. గాని మన రేగడిలో జీర్ణించిన యాకుపదార్థము స్వల్పము. అది వానకు ఉబ్బి, ఎండకు బీటలువారు బంకమన్ను. రంగు చూచి తీర్పు చెప్పిన మోసపోవుదుము. గోతిలో దిగి చూచినవానికే భేదము తెలియును.

సేద్యములో నప్పులే మిగులుచున్న వేళ, కుమారుడు ఆ బాధనుండి తప్పించుకొనవలెనని కోరుట న్యాయమే. ఆ కోరికను మేము తప్పుపట్టము. బాలుడు గుమాస్తా కానిమ్ము, వైద్యుడు కానిమ్ము. తండ్రికి తెలిసినది చదువు కాదని మాత్రము మా బడిలో నేర్వకూడదు. నేర్చెనేని ఆ తప్పు మాదే; ఇన్నేండ్లుగా మన్నును గూర్చి నల్లబల్లపై సుద్దతో మాత్రమే చెప్పుచున్నాము.

కనుక ఈ యేడు బడి వెనుక, బావికి తూర్పుగా, నిలువెత్తు గోయి యొకటి త్రవ్వింప నిశ్చయించితిమి. బాలురు పొరలు కొలిచి పటము వ్రాయుదురు. ఆ పొరల పేరులు చెప్పుటకు తలిదండ్రులను పిలిచెదము. పొట్లము తేవలదన్న తండ్రిగారిని మొదట పిలిచెదము. బడిలో గునపములు రెండే కలవు. ఎరువిచ్చువారు సంక్రాంతి సెలవులకు ముందు తెలుప గోరుచున్నాము.