ముందు వాళ్ల లైసెన్సులు రద్దు చేయమందాం

ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్లలో బుడగలు పేల్చే కొట్టు దగ్గర ఎయిర్ గన్ భుజాన పెట్టుకుని మన యానాది కుర్రాళ్లు దిగిన ఫొటో నా ఫోన్‌కీ వచ్చింది. కింద ఒక మాట: "నిజంది చేతిలో ఉంటే మనల్ని ఎవడాపుతాడు?" ఫొటో బాగుంది తమ్ముళ్లూ. ఆ మాట గురించే కాస్త మాట్లాడాలి.

దాని వెనకున్న కడుపుమంట నాకు తెలుసు. ఊళ్లో ఏది పోయినా ముందు మన పేటకే వస్తారు కదా.

మీరు అల్లూరి పేరు చెప్తారు. నిజమే, 1922 ఆగస్టు 22 నుంచి వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకుపోయారు. కానీ అంతకుముందే పోడు కొట్టుకోనివ్వలేదు, రోడ్డు పని చేయించుకుని కూలి ఎగ్గొట్టారు. పోరు అక్కడ పుట్టింది. తుపాకీ తర్వాత వచ్చింది.

మన వైపు చూడండి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. గొడ్డళ్లతో, బరిసెలతో. కారంచేడులో గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలినందుకు. కాలు తగిలితే చంపేయాలన్నంత కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది? భూమి మాది, నీళ్లు మావి, నువ్వు ఎదురు మాట్లాడకూడదు అన్న ధీమాలోంచి. ఆ ధీమాకి గొడ్డలి చాలు. అలాంటి ఊళ్లో మన చేతిలో తుపాకీ కనిపిస్తే మొదటి కేసు ఎవరి మీద పడుతుందో చెప్పాలా?

లైసెన్సు తెచ్చుకుందాం అంటారేమో. కొడగులో కొడవలకి పుట్టుకతోనే లైసెన్సు మినహాయింపు ఉంది, బ్రిటిష్ కాలం నుంచి. 2029 వరకు పొడిగించారు కూడా. అదే బ్రిటిష్ వాళ్లు మన ఎరుకల్ని పుట్టుకతోనే దొంగలని రాశారు. ఆ చట్టం 1952లో పోయింది, అనుమానం పోలేదు.

మనం పట్టుకోవాల్సింది ఇంకోటుంది. అట్రాసిటీ చట్టానికి 1995లో వచ్చిన నిబంధనల్లో మూడోది చదవండి. దాడులు జరిగే అవకాశం ఉందని గుర్తించిన ప్రాంతంలో, అవసరమైతే ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, ఆ ఆయుధాల్ని ప్రభుత్వం దగ్గర పెట్టించాలి. అక్రమ తుపాకులు పట్టుకోవాలి. మనవాళ్లకి లైసెన్సు ఇవ్వడం అనేది వాటి తర్వాత రాశారు, అదీ అవసరమనుకుంటేనే. మనం ఆ చివరి ముక్కే చెప్పుకుంటాం. మొదటిది ఎవరూ అడగరు.

కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి జరగాల్సిన విజిలెన్స్ కమిటీ ఉంది. అట్రాసిటీ కేసులున్న ఊళ్లలో ఎవరెవరికి తుపాకీ లైసెన్సులున్నాయి, ఎన్ని రద్దు చేశారు అని అక్కడ అడుగుదాం. అర్జీ నేను రాస్తాను. సంతకాలకి పేటకొకరు చొప్పున రండి.